ఎర్ర గుండీకి బొట్టు

కబ్బన్‌పేటలో ఒక ఇంట్లో తిరగమోత పెడితే వీధి చివరింట్లో తుమ్ము వస్తుంది. దసరా అయిన మర్నాడు, సోమవారం పొద్దున్నే, కొళాయి దగ్గర బిందె పెట్టి ఎదురింటి శాంతమ్మ తన తోడికోడలితో అన్నదట. ఆ తోడికోడలు పూలమ్మే రత్నమ్మతో అన్నదట. రత్నమ్మ అంతటితో ఊరుకుంటుందా? సొన్నప్ప గడపలో కూర్చుని, వాడిపోయిన బంతిపూలను తడిగుడ్డలో చుడుతూ, ఆయన చెవిలోనే వేసింది.

"మీ పంకజ మళ్ళీ పేడలోకే దిగిందంట కదప్పా! కంప్యూటరు చదువుకని కాన్పూరు దాకా పోయొచ్చిన మనిషి, సుమ్నే హాయిగా ఫ్యాను కింద కూచోని ఉద్యోగం చేసుకోక, ఆనేకల్ పక్క పల్లెల్లో పేడ కలపను పోతాందంట. ఆ పేడకూ ఈ కంప్యూటరుకూ ఏం సమ్మందమో ఆ దేవునికే తెలియాల అంటాండాది. నేను కాదప్పా అనేది, శాంతమ్మ!"

సొన్నప్ప మగ్గం గుంటలోంచి తల ఎత్తలేదు. "సమ్మందం లేంది నా కూతురు చెయ్యదులేమ్మా. పో, పోయి ఆయమ్మకు చెప్పు" అన్నాడు. రత్నమ్మ బుట్ట ఎత్తుకుని పోయాక మాత్రం పోగు ఆడించే నాడెను చేతిలోనే ఆపి పట్టుకున్నాడు. పేడకూ కంప్యూటరుకూ ఏం సంబంధమో ఆయనకూ తెలియదు మరి. కూతురు చెప్పింది, ఈయన తల ఊపాడు, అంతే.

ఇటు సొన్నప్పను గుంటలో వదిలి అటు పోదాం. కిందటి వారం మనం కథ ఆపినచోట పంకజ మెటడోర్ వ్యాను మెట్టు మీద నిలబడి ఉంది, ఒక కాలు నేల మీద, ఒక కాలు లోపల. బయలుదేరబోతూ ఏదో గుర్తొచ్చి, తన గదికి పరుగెత్తి, బల్ల సొరుగులోంచి ఒక చిన్న ఇత్తడి తాళంచెవి తీసి చేతిసంచిలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో అప్పుడు ఆమెకే తెలియదు.

ఆ తాళంచెవి కథ కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పంకజ ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరుగా చేరిన కొత్తలో, అంటే డెబ్బైల్లో, పెట్రోలు ధర చెట్టెక్కి కూర్చున్న కాలంలో, పేడ నుంచి గ్యాసు తీసే పనిలో పడింది. హాస్టలు వెనక గుంట తవ్వి, తన చేత్తో పేడ కలిపి, నీలిమంట మీద మొదటి కాఫీ కాచి ప్రొఫెసర్ వెంకటరాయప్పకు ఇచ్చింది. తర్వాత కంప్యూటర్ల మీద మనసు పోయింది. అందులోనూ లెక్కలు వేసే కంప్యూటరు మీద కాదు. ఆ కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి మీద. మనిషి చెయ్యి ఏ మీట దగ్గర తడబడుతుంది, ఏ దీపం చూసి ఏమనుకుంటుంది, యంత్రం చెప్పేది మనిషికి ఎందుకు అర్థం కాదు? దాని మీదనే డాక్టరేటు చేసింది. తిరిగొచ్చాక గ్యాసువాళ్ళు ఆమెను "మీటల మేడమ్" అన్నారు, కంప్యూటరువాళ్ళు "పేడ మేడమ్" అన్నారు. రెండు ఇళ్ళ చుట్టానికి రెండిళ్ళలోనూ పస్తే కదా.

అట్లాంటప్పుడు ఆమె ఆ రెంటినీ కలిపి ఒక పెట్టె కట్టింది. ఆనేకల్ అవతల గంగసంద్రం అనే ఊళ్ళో కాలేజీవాళ్ళు పెద్ద గోబర్ గ్యాసు ప్లాంటు వేశారు, ఊరందరి పొయ్యిలకూ గొట్టాలు వేశారు. ఎవరికి ముందు, ఎవరికి వెనక అని తగాదాలు రాకుండా గ్యాసును వంతులవారీగా పంచే చిన్న కంప్యూటరు అది. వరసగా తెల్ల బటన్లు, వాటి మీద పచ్చదీపాలు. పక్కన మూత కింద ఒక పెద్ద ఎర్ర బటన్. ఎప్పుడైనా కంప్యూటరు మొరాయిస్తే దాన్ని నొక్కాలి; నొక్కితే కంప్యూటరు పక్కకు తప్పుకుంటుంది, గ్యాసు నేరుగా అన్ని గొట్టాల్లోకీ పోతుంది. మళ్ళీ కంప్యూటరు చేతికి పగ్గాలు రావాలంటే తాళంచెవి తిప్పాలి. ఆ తాళంచెవే ఇది.

ప్లాంటు ప్రారంభోత్సవం నాడు పంకజ పచ్చకామెర్లతో ఆస్పత్రిలో ఉంది. లేచేసరికి ఊరి పని వేరేవాళ్ళకు పోయింది, ఆమెకు ఫస్టియరు పిల్లల క్లాసులు మిగిలాయి. ఊరి నుంచి వచ్చే మీటరు లెక్కలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఊళ్ళో కట్టెల పొయ్యి ఆరిపోయింది, తగాదా కూడా లేదనుకున్నారు. "కంప్యూటరు పంచిన గ్యాసు" అని వెంకటరాయప్ప పెద్ద వ్యాసం రాశాడు, పంకజ పేరు రెండోది. ఆ వ్యాసం చదివే ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళు తల ఊపితే ఇంధనానికీ మనిషి-యంత్రం చదువుకూ కలిపి కొత్త కేంద్రం. ఊపకపోతే, ఏడాదికేడాది సాగదీస్తున్న పంకజ ఉద్యోగం ఈ టర్ముతో సరి.

వ్యాను హోసూరు రోడ్డెక్కింది.

రోడ్డు పొడుగునా శనివారం నాటి ఆయుధపూజ ఇంకా ఆరలేదు. ఫ్యాక్టరీ గేట్ల ముందు పగిలిన బూడిదగుమ్మడికాయలు, వాటిలో కుంకం నీళ్ళు ఎండి ఎర్రగా మరకలు. ఎదురొచ్చే ప్రతి లారీ ముక్కుకూ వాడిన అరటిపిలకలు, అద్దానికి పసుపు చేతిముద్ర. చందాపురం దగ్గర వ్యాను ఆగితే, సైకిలు షాపులో గాలికొట్టే పంపుకు కూడా గంధం బొట్టు కనబడింది. పంకజకు ఎందుకో నవ్వొచ్చింది. పొద్దున్నుంచీ ఆమె ఒంట్లో ఏదో ఉడుకు. తన పెట్టెను తాను ఏడాదిన్నర తర్వాత చూడబోతోంది. కన్నబిడ్డను ఇంకొకరి ఇంట్లో పెంచి, ఇప్పుడు చూడను పోతున్నట్టుంది.

కమిటీ కారు వెనకబడింది. మాథుర్ అనే పెద్దమనిషి దారిలో రాగిచేలు చూసి ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటున్నాడట. వెంకటరాయప్ప వ్యాను దిగి ఊరి వాకిట్లో వాళ్ళ కోసం నిలబడ్డాడు. "నువ్వు పోయి పెట్టె చూసుకోమ్మా. దుమ్ము గిమ్ము ఉంటే తుడుచు. వాళ్ళొచ్చేలోపల తళతళలాడాల" అన్నాడు. ఆయనది చింతామణి పక్క. ఇంగ్లీషులో ఉపన్యాసం ఇస్తే ఇంకెవరో అనుకుంటారు, తెలుగులోకి దిగితే రాగిసంగటి వాసన వస్తుంది.

ప్లాంటు పక్కన రేకుల కొట్టు. కొట్టు బయట గోడకు గ్యాసు మీటరు. తలుపు దగ్గర పిల్లమ్మ చీపురుతో ఊడుస్తోంది. ప్లాంటులో పేడ వేసే ఆడవాళ్ళకు ఆమే పెద్ద, ఆమె పేరు కాలేజీ దాకా తెలుసు. మాట గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది.

"రా తల్లీ, నువ్వేనా పెట్టె చేసినామె? ఇంత సన్నంగా ఉండావే! పేడ గ్యాసు మీద ఉడికిన అన్నం తిని చూడు, లావైపోతావు."

"నువ్వు తిని లావైనావా పిల్లమ్మక్కా?"

"నేను తిట్టి లావైనాను!"

వెనక పేడ తట్టలు దింపుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. పంకజ నవ్వుతూనే లోపలికి అడుగుపెట్టింది, పెట్టె వైపు చూసింది, అక్కడే నిలబడిపోయింది.

పెట్టె శుభ్రంగా ఉంది. అంచులకు పసుపు రాసి ఉంది, పైన ఎండిన బంతిపూల దండ వేసి ఉంది. వరసగా తెల్ల బటన్లు, ఒక్కదాని మీద కూడా మరక లేదు. పెళ్ళిచూపుల్లో పలకరింపు లేని చెల్లెళ్ళలా వరసగా కూర్చున్నాయి. పచ్చదీపాలు ఒక్కటీ వెలగడం లేదు. పక్కన ఎర్ర బటన్. దాని మీద మూత లేదు. దాని నడిమధ్య ఇంత లావు కుంకుమ బొట్టు. ఆ బొట్టు మధ్యలో వేలిముద్ర పడి చెదిరి ఉంది. అంటే బొట్టు పెట్టాక కూడా ఎవరో నొక్కారు.

"పిల్లమ్మక్కా, ఈ ఒక్కదానికే బొట్టు పెట్టినారేం?"

"ఇంక దేనికి పెట్టాలమ్మా?"

"ఇన్ని గుండీలుండాయి కదా."

"ఉండాయిలే. ఉండేవన్నీ పనిచేస్తాయా? మా ఇంట్లో మా ఆయన గూడా ఉండాడు!"

ఈసారి నవ్వు ప్లాంటు అవతలి దాకా పోయింది. పిల్లమ్మ మాత్రం చీపురు గోడకానించి, చెప్పాల్సిన మాట చెప్పినట్టుగానే చెప్పింది. "పనిచేసే ఆయుధానికే కదమ్మా పూజ. ఏడాది పొడుగునా మన చేతిలో ఆడినదానికి బొట్టు పెడతాం. మూలన పడిన కొడవలికి బొట్టు పెడితే, చేతిలో కొడవలి అలగదా?"

పంకజ ఆ బొట్టు మీదికి ఇంకా దగ్గరగా వంగింది.

ఈ మాట ఆమె పుట్టినప్పటి నుంచీ విన్న మాట. కబ్బన్‌పేటలో ఆయుధపూజ నాడు చిన్న పంకజ కుంకుమ భరిణె పట్టుకుని, మగ్గానికీ నాడెకూ పెట్టాక, మిగిలింది కదా అని, మూల పడేసిన విరిగిన మగ్గానికి కూడా బొట్టు పెట్టింది. అవ్వ వచ్చి కొంగుతో దాన్ని అద్ది తీసేసింది. "పనిచెయ్యనిదానికి పెట్టకూడదే. నేత నేసే మగ్గానికి కోపం వస్తాది" అన్నది. అప్పుడు ఆ విరిగిన మగ్గం మీద జాలేసి ఏడ్చింది పంకజ. ఆ ఏడుపు మరిచిపోయి కాన్పూరు పోయింది, లావు పుస్తకాలు చదివింది. ఆ పుస్తకాలన్నిటిలోనూ ఒకటే గోల: యంత్రంలో ఏ భాగాన్ని మనిషి నిజంగా తనది చేసుకున్నాడో ఎట్లా తెలుసుకోవడం? అడిగితే మర్యాదకు చెబుతారు, "అన్నీ వాడతాం సార్, అన్నీ బాగుండాయి సార్" అని. పక్కన నిలబడి చూస్తే, చూస్తున్నారని సరిగ్గా నొక్కుతారు.

ఇదుగో, ఇక్కడ ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. ఊరు తనంతట తాను ఏడాదికొకసారి కుంకుమతో రాసి పెట్టింది, ఏది మాదో ఏది కాదో. మర్యాదకు అబద్ధమాడని సాక్ష్యం! పేడకూ కంప్యూటరుకూ ఏం సంబంధమని కదా ఊరంతా అడిగేది? సంబంధం ఈ బొట్టంత ఉంది, ఇంత ఎర్రగా ఉంది!

పంకజ గట్టిగా నవ్వింది. చెయ్యి చాచి తెల్ల బటన్లను ఒక్కొక్కటే తడిమింది. అన్నీ కొత్తవి, అంగట్లోంచి తెచ్చినట్టే ఉన్నాయి. ఇంత శ్రమపడి, వాటి కింద అక్షరాలు చెక్కించి, ఏది ఎవరి వంతో అందరికీ తెలియాలని బొమ్మలు వేయించింది. ఒక్కరూ వాటి ముఖం చూడలేదు. అవమానం అనిపించాల్సిన చోట ఆమెకు గుండె ఎగిరి గంతులేస్తోంది. తప్పు దొరికింది! తప్పు దొరికితే దారి దొరికినట్టే కదా.

"అక్కా, ఎర్రది నొక్కాలని ఎవరు చెప్పినారు మీకు?"

"ఎవరు చెప్పాలమ్మా? ఆ పొద్దు ప్లాంటు తెరవను వచ్చిన మంత్రి నొక్కలేదా? టెంకాయ కొట్టి, హారతి పట్టి, ఇంత లావు హారం దీనికే వేసి, అంత పెద్దాయన చేత దీన్నే నొక్కిచ్చిరి. తెల్లవి ఎవురూ తాకను గూడా తాకలా. పెద్దోళ్ళు నొక్కిందే కదా మేమూ నొక్కేది? రోజూ పొద్దున్నే చేతులు కడుక్కోని, దండం పెట్టి, ఒకసారి నొక్కుతా. గ్యాసు వస్తాది."

"మరి ఈ పచ్చదీపాలు?"

"ఫోటో తీసేటప్పుడు వెలిగినాయి. మంత్రి నొక్కి పొయినాడు, అవీ పొయినాయి."

"మరి వంతులు ఎట్లా పంచుకుంటారు? తగాదాలు రాలేదా?"

"రాకేం? రోజూ వస్తాది. పొద్దున్నే ఒకటే గలాటా. ఒకామె వంకాయ పులుసు పెట్టుకోని కూచుంటాది, ఇంకొకామె బిడ్డకు పాలు కాగబెట్టాలంటాది. నేను పోయి ఇద్దర్నీ తిడతా. సరిపోతాది."

అంటే మంత్రి వేలు పడ్డ ఆ నిమిషం నుంచీ కంప్యూటరు నిద్రపోతూనే ఉంది. ఊళ్ళో గ్యాసు పంచింది కంప్యూటరు కాదు, పిల్లమ్మ నోరు. ఢిల్లీ దాకా పోయిన వ్యాసం మాటేమిటి? పంకజ నవ్వు అక్కడ ఆగింది.

"ఏందమ్మా ఆ నవ్వు? వాళ్ళ కారు మలుపు తిరిగింది." వెంకటరాయప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కొత్త కోటు, నుదుట చెమట.

పంకజ ఆడవాళ్ళను చూసింది. పిల్లమ్మకు అర్థమైంది, చీపురు తీసుకుని బయటికి నడిచింది, తట్టలవాళ్ళనూ తోలుకుపోయింది.

"సార్, పెట్టె పనిచెయ్యలేదు."

"ఈ పొద్దా? ఇప్పుడా?"

"ఏ పొద్దూ సార్. ప్రారంభం నాటి నుంచీ."

ఆమె బొట్టు చూపించింది. ఒక్కో మాటే చెప్పింది. వెంకటరాయప్ప విన్నాడు, ఎర్ర బటన్ వైపు చూశాడు, కోటు గుండీ ఒకటి విప్పుకున్నాడు.

"ఆ ఫోటో తీసేవాడు అన్నాడు," అన్నాడు గొంతు తగ్గించి. "తెల్లవి చిన్నవి, పేపర్లో కనపడవు సార్, ఎర్రది గంభీరంగా ఉంటాది అన్నాడు. మూత నేనే ఊడదీయించినాను. నొక్కితే ఏమవుతాదో నువ్వు చెప్పినావు, నాకు తెలుసు. మంత్రి పొయినాక తాళం తిప్పిద్దాంలే అనుకొన్నా. ఆమీద ఊరేగింపు, భోజనాలు. మీటరు లెక్కలు బంగారం లెక్కన వస్తాంటే పెట్టె మూత ఎవడు తీసి చూస్తాడు?"

"నేను ఉండుంటే చూసేదాన్ని సార్."

"నువ్వు లేవు కదమ్మా."

బయట కారు హారన్ వినిపించింది. వెంకటరాయప్ప ఒక్క అడుగులో ఆమె దగ్గరికి వచ్చాడు.

"తాళంచెవి తెచ్చినావా?"

పంకజ చెయ్యి సంచిలోకి పోయింది. చల్లగా తగిలింది.

"తెచ్చినావు! నాకు తెలుసు, నువ్వు మతిమరుపు మనిషివి కాదు. తిప్పు."

"తిప్పితే?"

"దీపాలు వెలుగుతాయి. నువ్వు కట్టిన పెట్టె వెలక్కుండా పోతాదా? వాళ్ళు చూస్తారు, సంతోషపడతారు, పోతారు. ఈ పొద్దుటి నుంచి పెట్టె నిజంగానే నడుస్తాది. మనం రాసింది నిన్నటికి అబద్ధమే, రేపటికి నిజం. అంతే కదా?"

మాట ఎంత మెత్తగా ఉందో చూడండి. వెన్నలో కత్తి దించినట్టు దిగిపోయింది. పంకజ తాళంచెవిని రంధ్రంలో పెట్టింది. పెట్టె లోపల తీగలు ఏవి ఎక్కడున్నాయో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పావు తిప్పు చాలు.

"సార్, ఇప్పుడు మనకు దొరికింది దీపాలకంటే పెద్దది. ఎర్రది ఎందుకు నొక్కినారో మనకు తెలిసింది. బొట్టు ఎక్కడ పడిందో చూసి యంత్రం తిరగరాయొచ్చు. ఇది ఎవరూ కనిపెట్టలేదు సార్! అక్కడ గాజు గదుల్లో మనుషుల్ని కూచోబెట్టి పరీక్షలు పెడతారు. ఇక్కడ ఊరే పరీక్ష పెట్టింది, ఊరే మార్కులు వేసింది. ఇది వాళ్ళకు చెబుదాం."

"ఏమని? మా పెట్టె ఒక్కపూటన్నా నడవలేదు, మాకు ఇంకో పెట్టె కట్టను దుడ్లు ఇయ్యండి అనా?" వెంకటరాయప్ప నవ్వబోయి ఊరుకున్నాడు. "పంకజా, వాళ్ళంతా నిన్ను పేడ మేడమ్ అని నవ్వినప్పుడు అడ్డం నిలబడింది ఎవరు?"

"మీరే సార్."

"కాన్పూరు పోను సెలవిప్పించింది?"

"మీరే."

"ఈ సంవత్సరంతో నా సర్వీసు అయిపోతాది. ఆమీద నీకు ఆ కాలేజీలో గొడుగు పట్టేవాడు లేడు. కేంద్రం వస్తే నువ్వు దానికి పెద్ద. రాకపోతే, మే నెలలో నీ గది తాళం ఇంకొకరికి ఇయ్యాల. నాకోసం కాదమ్మా. తిప్పు."

అందులో అబద్ధం లేదు. అదే కష్టం. దొంగ చెప్పే మాటైతే తోసెయ్యొచ్చు. మేలు చేసిన మనిషి చెమట కారుతూ చెప్పే మాటను ఎట్లా తోస్తాం? పంకజ వేళ్ళు తాళంచెవి మీద బిగిశాయి. బయట చెప్పుల చప్పుడు, ఇంగ్లీషు మాటలు దగ్గరపడుతున్నాయి.

"ముందు ఇది పోవాల. దీన్ని చూస్తే ఏమిది ఏమిదని అడుగుతారు" అని వెంకటరాయప్ప జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీశాడు. తడి కోసం నాలికకు తగిలించి, ఎర్ర బటన్ మీద బొట్టును రుద్దబోయాడు.

"అయ్యో అయ్యో అయ్యో! ఏందప్పా ఆ పని?"

పిల్లమ్మ గుమ్మంలో ఉంది. ఆ గొంతుకు ప్లాంటు మీద కాకులు లేచిపోయాయి. "బొట్టు తుడుస్తావా? ఎంగిలి గుడ్డతో! పూజ చేసినదాని బొట్టు తుడుస్తారా ఎవురైనా? మీ ఇంట్లో ఆడోళ్ళు లేరా? చదువుకొన్నోడివి, కోటేసుకొన్నోడివి!"

వెంకటరాయప్ప చెయ్యి గాల్లోనే ఆగింది. రుమాలు మొన మీద ఎర్ర మరక. ఎంత ప్రొఫెసరైనా చింతామణి ఇంట్లో పుట్టినవాడే కదా, ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తట్టలవాళ్ళంతా గుమ్మం దగ్గర మూగారు. వాళ్ళను తోసుకుంటూ మాథుర్, వెనక కమిటీలో మిగిలినవాళ్ళు లోపలికి వచ్చారు.

మాథుర్ తెల్లజుట్టు మనిషి, చురుకైన కళ్ళు. పసుపును చూశాడు, దండను చూశాడు, చెదిరిన బొట్టును చూశాడు, రంధ్రంలో ఉన్న తాళంచెవిని చూశాడు, దాని మీద పంకజ వేళ్ళను చూశాడు.

"ఏం జరుగుతోంది ప్రొఫెసర్?" ఇంగ్లీషులో అడిగాడు.

"పూజ సార్, మా పక్క ఆచారం. యంత్రం అంటే వీళ్ళకు దేవుడితో సమానం" అన్నాడు వెంకటరాయప్ప ఇంగ్లీషులో, రుమాలు మడిచి జేబులో తోసుకుంటూ.

మాథుర్ ముఖం వెలిగింది. "అద్భుతం! కంప్యూటరుకు పూజ! ఇది రిపోర్టులో తప్పకుండా రాయాలి. ఈమెను ఒక మాట అడగండి. ఈ కంప్యూటరు వచ్చాక మీ ఇళ్ళల్లో ఏం మారింది?"

వెంకటరాయప్ప పిల్లమ్మ వైపు తిరిగి తెలుగులో అడిగాడు. గొంతులో బతిమాలుకోవడం ఉంది. "చూడమ్మా, ఈ పెట్టె వచ్చినాక మీ ఇండ్లలో ఏమి మారిందని అడుగుతాండాడు అయ్య. కొంచెం మంచిగా చెప్పు తల్లీ."

పిల్లమ్మ నడుముకు కొంగు బిగించింది. చెప్పింది. ఒక చేత్తో పెట్టెను చూపించింది, రెండో చేత్తో ఆకాశాన్ని చూపించింది. తెల్ల బటన్ల వైపు మూతి విరిచింది. ఆఖరున మాథుర్ ముఖంలోకి సూటిగా చూస్తూ ఒక ప్రశ్న అడిగింది. గుమ్మంలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయారు.

"ఏమంటోంది?" అన్నాడు మాథుర్, కలం తీసి.

"పొగ తగ్గిందంటోంది సార్. కళ్ళ మంటలు లేవట," అన్నాడు వెంకటరాయప్ప. అంతవరకు నిజమే; ఆ తర్వాతే మాట దారి మళ్ళించాడు. "కంప్యూటరు ఎవరి వంతు వాళ్ళకు ఇస్తోంది, మాకు తగాదాలే లేవు, ఇట్లాంటిది ప్రతి ఊరికీ ఇయ్యండి అంటోంది."

కమిటీవాళ్ళు ఒకరినొకరు చూసుకుని తల ఊపారు. తల ఊపారు! పంకజ ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన తల ఊపు అదే. మాథుర్ రాస్తున్న కలం చప్పుడు ఆమెకు వినిపిస్తోంది. పావు తిప్పు తిప్పితే ఆ తల ఊపు మీద పచ్చదీపాలు వెలుగుతాయి. కబ్బన్‌పేట కొళాయి దగ్గర శాంతమ్మ నోరు మూతపడుతుంది. నాన్న మగ్గం గుంటలోంచి తల ఎత్తుతాడు.

మాథుర్ రాయడం ఆపాడు. "చిత్రంగా ఉందే. ఆమె అంత పొడుగ్గా చెప్పింది, అందరూ నవ్వారు. మీరు చెప్పినదాంట్లో నవ్వేదేమీ లేదు." పంకజ వైపు తిరిగాడు. "డాక్టర్ పంకజా, ఈ పెట్టె కట్టింది మీరే కదా. మీకు ఈ భాష వచ్చు. ఆమె అన్నది ఇదేనా?"

వెంకటరాయప్ప ఆమెను చూస్తున్నాడు. కళ్ళతోనే "తల్లీ" అంటున్నాడు. పిల్లమ్మ కూడా చూస్తోంది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, తన మాట ఎక్కడో దారి తప్పిందని ఆ మనిషికి తెలిసిపోయింది.

పంకజ తాళంచెవిని తిప్పలేదు. రంధ్రంలోంచి బయటికి లాగి, పెట్టె మీద, బంతిపూల దండ పక్కన, అందరికీ కనబడేటట్టు పెట్టింది.

"కాదు సార్," అన్నది. "ఆ పెట్టె ఒక్కపూటన్నా నడిచిందని మీకెవరు చెప్పినారు, అని అడిగింది."

చెప్పినవాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు, వ్యాసం మీది మొదటి పేరూ, రెండో పేరూ.